కామెర్ల చాటున విల్సన్ వ్యాధి

పిల్లవాడి కళ్ళు పచ్చబడగానే పసరు పోయించడం మన పల్లెలలో ఏనాటినుంచో ఉన్నదే. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో చాలావరకు కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. తగ్గక నిలిచిన కామెర్లు, తగ్గి మళ్ళీ తిరగబెట్టిన కామెర్లు వేరు. వాటి వెనుక, అరుదుగానే అయినా, విల్సన్ వ్యాధి దాగి ఉండవచ్చు.

1912లో లండన్ వైద్యుడు కిన్నియర్ విల్సన్ వివరించిన వ్యాధి ఇది. మనం తినే ఆహారంలో రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. అవసరానికి మించినదాన్ని కాలేయం పైత్యరసం ద్వారా బయటికి పంపుతుంది. ఆ పని చేయించే జన్యువు, 1993లో గుర్తించిన ఏటీపీ7బీ, చెడిపోతే రాగి కాలేయంలోనే పేరుకుంటుంది. రాగి చెంబులో నీళ్ళు తాగినందువల్ల ఈ జబ్బు రాదు; జబ్బు ఉన్నవారు మాత్రం ఆ నీళ్ళు మానవలసిందే.

కాలేయం ఏళ్ళ తరబడి మౌనంగా దెబ్బతింటుంది. మొదట కొవ్వు చేరుతుంది, వాపు వస్తుంది, చివరకు గట్టిపడి సిర్రోసిస్ అవుతుంది. అప్పుడు పొట్టలో నీరు చేరడం, కాళ్ళు వాయడం, ప్లీహం పెరగడం, అన్నవాహికలో ఉబ్బిన నరాలు చిట్లి రక్తం కక్కుకోవడం వంటివి బయటపడతాయి. మద్యం ముట్టని పదేళ్ళ పిల్లవాడికి సిర్రోసిస్ ఏమిటని ఇంటివారు విస్తుపోతారు. అన్నిటికన్నా భయంకరమైనది హఠాత్తుగా కాలేయం విఫలం కావడం. చచ్చిన కణాలలోని రాగి రక్తంలోకి దూకి ఎర్రకణాలను పగలగొడుతుంది. కామెర్లతోపాటు పిల్లవాడు తెల్లగా పాలిపోయి, మూత్రం నల్లబడితే ఒక్క పూట కూడా ఆగరాదు.

బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు మూడు దశాబ్దాలలో చూసిన 282 మంది రోగుల వివరాలను 2007లో ప్రచురించారు. అది నరాల ఆసుపత్రి కనుక వణుకు, మాట తడబాటు వంటి లక్షణాలతో వచ్చినవారే ఎక్కువ. కాలేయ లక్షణాలతో వచ్చినవారు దాదాపు 15 శాతం. కంటి నల్లగుడ్డు అంచున కనిపించే గోధుమరంగు వలయం ఈ వ్యాధికి పేరుపొందిన గుర్తు. కాలేయ లక్షణాలు మాత్రమే ఉన్నవారిలో సుమారు సగం మందికి అది కనబడదు. కనుక రక్తంలో సెరులోప్లాస్మిన్‌నూ, 24 గంటల మూత్రంలో రాగినీ పరీక్షించాలి.

తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన జన్యువు అందితేనే బిడ్డకు జబ్బు వస్తుంది. మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడాలు ఉన్న మన సీమలో ఆ అవకాశం హెచ్చు. ఒక బిడ్డకు వ్యాధి తేలితే తోబుట్టువులలో ప్రతి ఒక్కరికీ నాలుగో వంతు ముప్పు ఉంటుంది. ఆడుతూ పాడుతూ ఉన్నా వారినీ పరీక్షించాలి. ఆ దశలో మందు మొదలుపెడితే కాలేయం దాదాపు చెక్కుచెదరదు.

రాగిని మూత్రంలోకి లాగే పెన్సిలమిన్‌ను 1956లో జాన్ వాల్ష్ ప్రవేశపెట్టారు. తర్వాత ట్రయంటీన్, ఆహారంలోని రాగిని పేగులలోనే అడ్డగించే జింక్ వచ్చాయి. మందులు జీవితాంతం వాడాలి. ఒళ్ళు బాగుందని మానేసినవారికి కొన్ని నెలలలోనో, ఒకటి రెండేళ్ళకో కాలేయం కుప్పకూలిన సందర్భాలున్నాయి. గర్భిణులు సైతం మానరాదు. మోతాదు వైద్యులే సరిచేస్తారు.

కాలేయం విఫలమైతే మిగిలేది మార్పిడి. ఒక్క చెడు జన్యువు మాత్రమే ఉన్న తల్లి గాని తండ్రి గాని, పరీక్షలలో సరిపోతే, తమ కాలేయంలో కొంత ఇవ్వవచ్చు. కొత్త కాలేయం రాగిని సక్రమంగా విసర్జిస్తుంది కనుక పాత మాత్రల అవసరం తీరుతుంది. శరీరం దాన్ని తిరస్కరించకుండా వేరే మందులు మాత్రం ఎన్నటికీ వాడవలసి ఉంటుంది.