మామోగ్రామ్‌ను ఇద్దరు చూస్తే లాభమెంత?

ఒకే జవాబు పత్రాన్ని ఇద్దరు విడివిడిగా దిద్దడం, మార్కుల్లో తేడా ఎక్కువగా ఉంటే మూడోవారికి పంపడం ఉపాధ్యాయులమైన మాకు తెలిసిన పద్ధతే. రొమ్ము క్యాన్సర్‌ను ముందుగా గుర్తించే పరీక్షల్లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది.

బ్రిటన్‌లో ప్రభుత్వ ఆధ్వర్యంలో ఈ పరీక్షలు 1988లో మొదలయ్యాయి. ఏ బాధా లేకపోయినా 50 ఏళ్లు దాటిన మహిళలను మూడేళ్లకొకసారి పిలిచి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీస్తారు. నేడు అక్కడ ప్రతి ఎక్స్‌రేనూ ఇద్దరు నిపుణులు చూస్తారు. వారి అభిప్రాయాలు కలవకపోతే మూడో నిపుణుడో, కొందరు కలిసో తేలుస్తారు. అమెరికాలో సాధారణంగా ఒక్కరే చూస్తారు.

ఇద్దరెందుకు? ఎక్స్‌రేలో క్యాన్సర్ గడ్డ తెల్లగా కనిపిస్తుంది. దట్టమైన రొమ్ము కణజాలమూ తెల్లగానే ఉంటుంది. అనుభవజ్ఞుల కంటికీ గడ్డ తప్పిపోవచ్చు.

రెండోవారి వల్ల కలిగే లాభాన్ని లెక్కించేటప్పుడు అదనంగా ఎన్ని క్యాన్సర్లు దొరికాయో చూస్తే చాలదు. జబ్బు లేనివారిని ఎందరిని మళ్లీ పిలిచారో కూడా చూడాలి. ఆ పిలుపు వెంట భయం, మరిన్ని పరీక్షలు వస్తాయి. ఇద్దరిలో ఏ ఒక్కరు అనుమానించినా పిలవాలనే నియమం పెడితే ఈ సంఖ్య పెరుగుతుంది. మూడోవారు పరిశీలిస్తే తగ్గుతుంది.

ఇంగ్లండులో సుమారు 31 వేల మంది మహిళలతో జరిపిన పరిశోధన 2008లో వెలువడింది. ఇద్దరు నిపుణులు చూడటాన్ని, కంప్యూటర్ సాయంతో ఒక్కరే చూడటాన్ని అందులో పోల్చారు. రెండు విధాలా చూసిన ఎక్స్‌రేలలో, క్యాన్సర్ ఉన్నట్లు తేలిన 227 మందిలో ఇద్దరు నిపుణులు కలిసి 199 మందిని గుర్తించారు. కంప్యూటర్ సాయంతో ఒక్కరు 198 మందిని గుర్తించారు. తేడా ఒక్కటే! కానీ మళ్లీ పిలిచినవారు మొదటి పద్ధతిలో నూటికి 3.4 మంది, రెండో పద్ధతిలో 3.9 మంది. అంటే వెయ్యికి అయిదుగురు ఎక్కువ.

మన దేశంలో 2016 నాటి ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకొకసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో తాకి రొమ్ము పరీక్ష చేయాలి. సొంతంగా మామోగ్రామ్ తీయించుకునే అక్కచెల్లెళ్లకు మేము చెప్పేది ఇదే: పాత ఫిల్ములు దాచి, కొత్త వాటితో పోల్చడానికి డాక్టరుకు ఇవ్వండి. మళ్లీ రమ్మంటే బెంబేలెత్తకండి, అలా పిలిచినవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. వెళ్లడం మాత్రం మానకండి. రిపోర్టు బాగున్నా చేతికి గడ్డ తగిలితే వెంటనే చూపించుకోండి.