పీరియడ్ ప్యాంటీ: మరక కన్నా తడే అసలు సమస్య

నెలసరి రోజుల్లో ప్యాడ్లకు బదులుగా ఉతికి మళ్లీ వాడుకునే పీరియడ్ ప్యాంటీలు కొన్నేళ్లుగా మన దగ్గరా కనిపిస్తున్నాయి. హాస్టల్ అమ్మాయిలు, ఉద్యోగినులు, రాత్రిపూట దుప్పటికి మరకవుతుందన్న బెంగ లేకుండా పడుకోవాలనుకునేవారు వీటిని కొంటున్నారు. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2021లో ఉతికి వాడే ప్యాడ్లకు, పీరియడ్ ప్యాంటీలకు కలిపి ఐఎస్ 17514 అనే ప్రమాణాన్ని తెచ్చింది.

కొన్నాక కొందరికి మూడు ఇబ్బందులు ఎదురవుతాయి. వాసన పోదు. మునుపటిలా పీల్చుకోదు. అంచుల నుంచి కారుతుంది. సరుకు నాసిరకమైనా ఇలా జరగొచ్చు. కానీ మంచి సరుకు కూడా ఉతికే పద్ధతి తప్పితే ఇలాగే తయారవుతుంది.

గుడ్డ ఉతకడం మనకు కొత్త కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-24 ఏళ్ల మహిళల్లో దాదాపు సగం మంది నెలసరికి గుడ్డ వాడుతున్నామనే చెప్పారు. ఉతికాక వేడినీళ్లలో మరిగించడం, ఎండలో ఆరేసి ఇస్త్రీ చేయడం నూలు గుడ్డకు సరైన పద్ధతులే. కానీ పీరియడ్ ప్యాంటీ ఒంటిపొర గుడ్డ కాదు. అందుకే ఆ పద్ధతుల్లో కొన్ని దీనికి చెరుపు చేస్తాయి.

లోపల ఏముంది?

కాళ్ల మధ్య వచ్చే అడుగు పట్టీలో పొరలు ఉంటాయి. ఒంటికి తగిలే పొర తడిని కిందికి దించుతుంది. దాని కింద పీల్చుకునే పొర. ఇది నూలు కావచ్చు, వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్ కావచ్చు, మైక్రోఫైబర్ (అతి సన్నని పాలిస్టర్ పోగు) కావచ్చు. ఆ కింద తడిని దాటనివ్వని పొర. సాధారణంగా ఇది పాలీయురెథేన్ (సాగే గుణమున్న ప్లాస్టిక్) పూత వేసిన బట్ట. అన్నిటికీ బయట మామూలు లోదుస్తు గుడ్డ.

ఈ అమరిక వల్ల రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ప్లాస్టిక్ పూత ఎక్కువ వేడికి ఓర్చుకోదు. గుడ్డ నుంచి ఊడుతుంది, పగుళ్లు తేలుతుంది. మరిగించడం, ఇస్త్రీ చేయడం వద్దనేది ఇందుకే. రెండు, లోపల చేరిన నీరు బయటి వైపు నుంచి పోలేదు. వచ్చిన దారినే, అంటే ఒంటికి తగిలే వైపు నుంచే, తిరిగి పోవాలి. ఆరబెట్టేటప్పుడు ఈ రెండో సంగతే ముఖ్యం.

మొదట చన్నీళ్లే ఎందుకు?

రక్తానికి ఎర్ర రంగునిచ్చేది హిమోగ్లోబిన్ (ఇనుము ఉన్న ప్రొటీన్). రక్తంలో ఇంకా చాలా ప్రొటీన్లు ఉంటాయి. చన్నీళ్లలో అవి కరిగి జారిపోతాయి. వేడి తగిలితే గుడ్డు తెల్లసొనలా గట్టిపడి పోగులను పట్టుకుంటాయి. ఆ తర్వాత ఎంత రుద్దినా పూర్తిగా రావు.

కాబట్టి విప్పిన వెంటనే లోపలి వైపు పైకి తిప్పి కుళాయి కింద పట్టాలి. అరచేత్తో నొక్కి వదులుతూ ఉండాలి. మొదట ముదురు ఎరుపు నీళ్లు వస్తాయి. తర్వాత లేత గులాబీ రంగు, చివరికి తేట నీళ్లు. ఆ తేట నీళ్లు వచ్చేదాకా సబ్బు జోలికి పోనక్కర్లేదు. మన ఎండాకాలంలో ఒక జాగ్రత్త అవసరం. మిట్టమధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేలా ఉంటాయి. పొద్దున్నే ఒక బకెట్ పట్టి ఉంచుకుంటే ఆ చల్లని నీళ్లు మొదటి జాడింపుకు పనికొస్తాయి.

ఆఫీసులోనో ప్రయాణంలోనో వెంటనే ఉతకడం కుదరకపోవచ్చు. అప్పుడు మడిచి జిప్పున్న సంచిలో పెట్టుకుని, రాత్రికల్లా ఉతికేయాలి. ఎండిపోయిన రక్తం ఉంటే చన్నీళ్లలో కాస్త డిటర్జెంట్ కలిపి అరగంట నానబెడితే చాలు. రాత్రంతా బకెట్లో వదిలేయకూడదు. తాజా రక్తానికి పెద్దగా వాసన ఉండదు. బ్యాక్టీరియా దాన్ని కుళ్లబెట్టినప్పుడే దుర్వాసన పుడుతుంది. నానిన రక్తపు నీళ్లు వాటికి మంచి ఆహారం.

ఏ సబ్బు, ఎంత?

స్నానాల గదిలో చేతికందేది అరిగిన ఒంటి సబ్బు ముక్కే కాబట్టి చాలామంది లోదుస్తులు దానితోనే ఉతికేస్తారు. బోరు నీళ్లున్న చోట ఇది ఇబ్బంది తెస్తుంది. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల బోరు నీళ్లు కఠిన జలం (కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీరు). సబ్బు ఆ లవణాలతో కలిసి, నీటిలో కరగని తెల్లటి తెట్టు అవుతుంది. నురగ సరిగా రాకపోవడానికీ, బకెట్ అంచున జిడ్డు గీత కట్టడానికీ కారణం అదే. ఆ తెట్టు పీల్చుకునే పొర పోగుల మీద పేరుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ గుడ్డ తడిని లోపలికి తీసుకోవడం తగ్గుతుంది. డిటర్జెంట్‌తో ఈ చిక్కు చాలా తక్కువ.

ఎంజైములున్న డిటర్జెంట్ అయితే ఇంకా మేలు. అందులోని ప్రొటియేజ్ (ప్రొటీన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్) రక్తపు మరకను విడగొడుతుంది. కొద్దిగానే వేయాలి. ఎక్కువ వేస్తే పొరల్లో మిగిలిపోతుంది, చర్మం దురద పెడుతుంది. నురగ పోయేదాకా జాడించాలి.

వాషింగ్ మెషీన్‌లో వేయాలంటే ముందు చేత్తో జాడించి, ఆ తర్వాత వలసంచిలో పెట్టి మిగతా బట్టలతో కలిపే వేయొచ్చు. నీటి వేడి 30 డిగ్రీలు, మహా అయితే 40 డిగ్రీలు. ముందువైపు తలుపున్న మెషీన్లలో నూలు బట్టల ప్రోగ్రాం 60 డిగ్రీలకు పెట్టి ఉండొచ్చు. ఒకసారి చూసుకుని తగ్గించాలి. డ్రయ్యర్ వద్దు.

వాడకూడనివి, చేయకూడనివి మరికొన్ని ఉన్నాయి. ఫ్యాబ్రిక్ కండిషనర్ బట్టకు మెత్తదనం ఇచ్చేది పోగుల మీద నూనె లాంటి పూత వేసే. ఆ పూత మీద తడి ఇంకదు. క్లోరిన్ బ్లీచ్ సాగే దారాన్నీ, ప్లాస్టిక్ పొరనూ తినేస్తుంది. గట్టి బ్రష్‌తో రుద్దడం, బండకేసి బాదడం, మెలిపెట్టి పిండటం పొరలను విడదీస్తాయి. పిండే బదులు పొడి తువ్వాలులో చుట్టి నొక్కితే చాలావరకు నీరు దిగిపోతుంది.

ఇంత చేసినా లేత మరక మిగలొచ్చు. అది మురికి కాదు. గుడ్డను శుభ్రంగా ఉతికి, పూర్తిగా ఆరబెడితే ఆ మరకతో ఆరోగ్యానికి హాని లేదు. మరక కోసం వేడినీళ్లకూ బ్లీచ్‌కూ పోతే మరక సంగతి ఎలా ఉన్నా ప్యాంటీ మాత్రం పాడవుతుంది.

ఆరడమే అసలు పరీక్ష

లోపలి వైపు బయటికి తిప్పి ఆరేయాలి. తడి పోయే దారి అటే ఉంది కనుక. అలా తిప్పకుండా ఆరేస్తే బయటి గుడ్డ గంటలో ఆరిపోయి, అంతా ఆరిందనిపిస్తుంది. లోపల మాత్రం తడి అలాగే ఉంటుంది. నడుము పట్టీని కాదు, అడుగు పట్టీ మధ్యభాగాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

మన ఇళ్లలో నెలసరి బట్టలను చీర కిందో, తలుపు వెనకో ఆరేయడం మామూలే. నలుగురి కంటా పడకూడదన్న ఉద్దేశం అర్థమయ్యేదే. కానీ గాలి ఆడని చోట ఈ మందపాటి పట్టీ త్వరగా ఆరదు. తడిలో బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. అలాంటిది తొడుక్కుంటే దురద, చర్మపు ఇన్ఫెక్షన్లు రావొచ్చు. వాసన పోవట్లేదంటే మొదట అనుమానించాల్సింది సబ్బును కాదు, ఆరేసిన చోటును.

ఎండ మంచిదే. త్వరగా ఆరబెడుతుంది, కొన్ని క్రిములను చంపుతుంది. అయితే రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల ఎండలో రోజంతా వదిలేస్తే ఎలాస్టిక్, ప్లాస్టిక్ పూత త్వరగా బిరుసెక్కుతాయి. ఉదయపు ఎండ తగిలించి, తర్వాత గాలి తగిలే నీడలో ఉంచడం మేలు. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో గాలిలోనే చెమ్మ ఉంటుంది. అప్పుడు ఫ్యాన్ కింద ఆరేయాలి. ఒకటి ఆరడానికి రోజుకు మించి పట్టొచ్చు కాబట్టి చేతిలో మూడు నాలుగైనా ఉండాలి.

కొనేముందు

ఎన్ని ప్యాడ్లకు సమానమన్న ప్రకటనను ఉన్నదున్నట్టు నమ్మనక్కర్లేదు. 2023లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అమెరికా పరిశోధనలో నెలసరి ఉత్పత్తులను నీటితో కాకుండా నిజమైన రక్తంతో పరీక్షించారు. వాటిలో అతి తక్కువ రక్తాన్ని పట్టుకున్నది పీరియడ్ ప్యాంటీయే. రక్తస్రావం ఎక్కువున్న రోజుల్లో దీన్ని మెన్‌స్ట్రువల్ కప్‌కో ప్యాడ్‌కో తోడుగా వాడటం, తక్కువున్న రోజుల్లో దీన్నొక్కదాన్నే వాడటం తెలివైన పని. ఒక నెలసరిలో మొత్తం స్రావం 80 మిల్లీలీటర్లు దాటితే దాన్ని అధిక రక్తస్రావంగా లెక్కిస్తారు. గంటకో రెండు గంటలకో తడిసిపోతుంటే ప్యాంటీ మార్చడం కాదు, గైనకాలజిస్టును కలవాలి.

మరో సంగతి రసాయనాలది. పీఫాస్ (నీరు, నూనె అంటకుండా వాడే, ప్రకృతిలో ఎంతకూ విచ్ఛిన్నం కాని రసాయనాలు) తమ ప్యాంటీల్లో ఉన్నాయన్న దావాను అమెరికా సంస్థ థింక్స్ 2023లో రాజీతో ముగించుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. ఇంట్లో ఉతికి ఇలాంటి వాటిని పోగొడదామంటే కుదరదు. పీఫాస్ లేదని స్పష్టంగా రాసినవి, బీఐఎస్ ప్రమాణాన్ని పాటించినవి చూసి కొనాలి. కొత్తదాన్ని తొడుక్కునే ముందు ఒకసారి ఉతకాలి. తయారీలో వాడిన పదార్థాలు పోతాయి, పీల్చుకునే గుణమూ పెరుగుతుంది.

బాగా చూసుకుంటే రెండేళ్ల వరకు వస్తుంది. ఎలాస్టిక్ వదులైనా, కొద్ది స్రావానికే కారుతున్నా, సరిగ్గా ఉతికి ఆరేసినా వాసన పోకపోయినా తీసేయడమే.

చివరిగా ఒక మాట. ఇది అందరికీ నప్పే వస్తువు కాదు. దీనికి సరిపడా నీళ్లు కావాలి, గాలీ వెలుతురూ తగిలే దండెం కావాలి. ఈ రెండూ ఉంటే ఇది సౌకర్యం, పొదుపు కూడా. అవి కుదరని హాస్టల్ గదిలోనో ఇరుకింట్లోనో ఉంటే మామూలు ప్యాడ్ వాడుకోవడంలో తప్పేమీ లేదు. సగం ఆరిన ఖరీదైన ప్యాంటీ కన్నా పొడిగా ఉన్న మామూలు ప్యాడే ఒంటికి మంచిది.