లవంగం చెట్టు మన చేలలో వచ్చునా?

లవంగముల ధర విన్న రైతుకు, "మనమును నాలుగు మొక్కలు పెట్టిన నేమి?" అని తోచుట సహజమే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతు సోదరులు డబ్బు పెట్టుటకు ముందు ఈ చెట్టు పుట్టిల్లు ఎట్టిదో తెలిసికొనవలెను.

మనము వాడు లవంగము కాయ కాదు, గింజ కాదు; విచ్చుకొనని పూమొగ్గ. ఆకుపచ్చని మొగ్గ గులాబిరంగుకు తిరుగుచుండగా కోసి, నాలుగైదు దినములు ఎండబెట్టుదురు. ఎండిన పిదప బరువు మూడవ వంతే మిగులును. ఈ చెట్టు ఇండోనేషియాలోని మలుకు దీవులది. చుట్టును సముద్రము, ఏడాది పొడుగున తేమగాలి. 1800 ప్రాంతమున ఈస్టిండియా కంపెనీవారు దీనిని తమిళ దేశమందలి కుర్తాళమునకు తెచ్చిరి. నేడు కన్యాకుమారి కొండలలోను, కేరళలోను, దక్షిణ కర్ణాటకములోను బాగుగా పెరుగుచున్నది.

దీనికి 1500 నుండి 2500 మిల్లీమీటర్ల వాన కావలెను. మనకు పడునది ఇంచుమించు 1000. అదియు చాలవరకు జూన్ నుండి సెప్టెంబరు లోపలనే. శ్రీరాంసాగర్ కాలువ నీరున్నది గదా అందురేమో. కాలువ వేరుకు నీరిచ్చును గాని ఆకు చుట్టునున్న గాలిని తడుపలేదు. ఏప్రిల్, మే నెలల వడగాలికి లేత చిగురు మాడిపోవును.

మామిడితోట నీడలో పెట్టుదమన్నచో మరియొక చిక్కు గలదు. పూతకు ముందు మామిడికి నీరు ఆపవలెను, లవంగమునకు ఆపరాదు. దానికై తడి పెట్టితిరా, మామిడి పూయుటకు బదులు చిగుర్చును. చేతిలోని పంటను చెరుపుకొనుట ఏమి వ్యవసాయము? పైగా లవంగము తొలి పూతకే ఏడెనిమిదేండ్లు పట్టును.

ఈ కుటుంబపు చెట్టే కావలెనన్న, లవంగమునకు దగ్గరి చుట్టము మన నేరేడు. శాస్త్రజ్ఞులు రెండింటిని ఒకే ప్రజాతిలో చేర్చిరి. చెరువుగట్టున, వాగు ఒడ్డున మన ఎండలకు తట్టుకొని నిలుచును. వేసవి చివర, తొలకరి వేళ పండ్లనిచ్చును. అంటుమొక్కలు నాటిన కాపు త్వరగా వచ్చును.

ముచ్చటకు ఒక్క లవంగపు మొక్క పెట్టువారు బావి ప్రక్క, అరనీడలో, నీరు నిలువని చోట నాటి, మొదట ఆకుచెత్త దట్టముగా కప్పవలెను. ఎకరములకు పెట్టదలచిన వారు మాత్రము ముందుగా పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానమువారికి తమ భూమి, నీటి వివరములు చెప్పి సలహా పొందవలెను.