పాత తీగ – మరల వినియోగము



తాళపత్రము చదువవలెనన్న లిపి యెఱిగినవాడు కావలెను. పాత కంప్యూటరులో దాచిన వ్రాతలు వెలికి దీయవలెనన్న అందులకు తగిన త్రోవ కావలెను. 1980లలో నిర్మింపబడిన యంత్రములు కొన్నిటికి నేటి సాధనములు తగుల్కొనవు. వాని వెనుక గుండ్రని చిన్న లోహపు మూతి మాత్రముండును. దానికి తగిన తీగ దొరకనిచో లోపలి వ్రాతలు లోపలనే నశించును. ఆ తీగను సంపాదించి మరల వినియోగించు విధమును నేడు విన్నవించెదను.

దీనికి కోయాక్సియల్ కేబులని పేరు. నడుమ రాగితీగ, చుట్టును పాలిథీను పొర, దానిపై సన్నని లోహపు అల్లిక, అన్నిటిపైన తొడుగు. తీగకును అల్లికకును అక్షమొక్కటియే యగుటచే నీ పేరు వచ్చినది. 1973లో అమెరికాలో, కాలిఫోర్నియా యందలి జిరాక్సు పరిశోధనశాలలో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు ఇట్టి తీగపై కంప్యూటరులు పరస్పరము సంభాషించు ఈథర్నెట్ పద్ధతిని ఆరంభించిరి. మొదట మందమైన తీగను, 1980లలో సన్నని తీగను వాడిరి. 1990లో జంటతీగల పద్ధతికి ప్రమాణ మేర్పడిన పిమ్మట దీని వాడుక క్రమముగా తగ్గెను.

మన యిండ్లకు వచ్చు టెలివిజను తీగయు చూపున కిట్లే యుండును. రూపమును నమ్మరాదు. ఈథర్నెట్ తీగ అవరోధము 50 ఓములు. టెలివిజను తీగది 75. అవరోధమనగా పరుగెత్తు విద్యుత్తరంగమునెడ తీగకు గల స్వభావము. సామాన్యపు మీటరునకు అది చిక్కదు. స్వభావము మాఱిన చోట తరంగములో కొంత, నూతిలో వేసిన కేకవలె, వెనుకకు మరలును. మాటపై మాట పడి సందేశము చెడును. కావున తొడుగుపై అచ్చును చదువవలెను. ఆర్.జి. 58 అని యున్న గ్రహింపుడు. ఆర్.జి. 59, ఆర్.జి. 6 అని యున్న విడువుడు. ఆర్.జి. 62 అనునది 93 ఓములది, అదియు తగదు.

పాత కార్యాలయముల పైకప్పులయందును, పాతసామానుల యంగళ్లయందును ఈ తీగ దొరకవచ్చును. యజమానుని యనుమతి లేక ముట్టరాదు, బలిమిని లాగరాదు. తొడుగు పగిలినను, అల్లికలో నీరు చేరి నల్లబడినను ఆ భాగమును కోసివేయవలెను. ఇంటి దీపపు తీగలవలె మెలివేసి అతుకరాదు, బి.ఎన్.సి. అను బిగింపులతోనే కలుపవలెను.

తీగ యొక్కొక్క ఖండము 185 మీటర్లు మించరాదు. అందు 30 యంత్రములకు మించి తగిలింపరాదు. ఒక్కొక్కదానికి నడుమ అర మీటరైన నెడముండవలెను. రెండు కొనలందును 50 ఓముల బిరడాలు బిగింపవలెను. అవి కొనకు చేరిన తరంగమును మ్రింగి మరలనీయవు. ఒక్క బిరడా లోపించినను ఆ వరుసలోని యంత్రములన్నియు మూగవోవును.

యంత్రములను తగిలింపకమునుపే పరీక్షింపుడు. బిరడాలు లేనప్పుడు నడిమి తీగకును అల్లికకును సంబంధముండరాదు. ఒక బిరడా బిగించి రెండవ కొనయందు కొలిచిన మీటరు సుమారు 50 ఓములు చూపును. రెండును బిగించి నడుమ కొలిచిన 25 చూపును. అంతకన్న మిక్కిలి హెచ్చిన ఎచ్చటనో తెగినదనియు, సున్న యైన లోపల తగులుకొన్నదనియు తెలియవలెను.

మీటరు తీగ తెగినదా లేదా యని మాత్రమే చెప్పును. తీగ జాతిని చెప్పునది తొడుగుపై అచ్చే. కావున ముందు చదువుడు, పిదప కొలువుడు, ఆ పిమ్మటనే యంత్రమునకు తగిలింపుడు.