అమెరికా దత్తత: అడ్డదారి కాగితాలతో బిడ్డకే ముప్పు

2021 మే నెలలో, కరోనా రెండో దశ ఉద్ధృతంగా ఉన్నప్పుడు, తల్లిదండ్రులను పోగొట్టుకున్న పసిపాప ఉంది, పెంచుకునేవాళ్లు ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటూ వాట్సాప్‌లో సందేశాలు తిరిగాయి. ఇలా పిల్లల్ని ఇవ్వడం, తీసుకోవడం నేరమని ప్రభుత్వం హెచ్చరించినా, వాటికి ప్రాణం పోసిన నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. మధ్యవర్తి ద్వారా బిడ్డను తెచ్చుకుని, నర్సింగ్ హోంలో తమ పేర్లతో జనన ధ్రువపత్రం రాయించుకుంటే అమెరికాకైనా తీసుకెళ్లొచ్చన్నదే ఆ నమ్మకం. ఇది దత్తత కానే కాదు, బిడ్డను కొనడం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని అమ్మినా కొన్నా అయిదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష పడుతుంది. ఆసుపత్రి సిబ్బందికి అందులో చేయి ఉంటే మూడు నుంచి ఏడేళ్లు.

కన్నతల్లే ఇష్టపడి ఇస్తుంటే తప్పేమిటని అడిగేవాళ్లున్నారు. ఆ ఇష్టం నిజమో కాదో తేల్చడానికే చట్టంలో ఇంత తతంగం. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగింత పత్రం రాస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. ఎవరో వదిలేసిన పసిబిడ్డయితే కన్నవాళ్ల కోసం వెతకాలి. ఆ తర్వాతే దత్తతకు అర్హత ఉందని కమిటీ ప్రకటిస్తుంది. మధ్యవర్తి ఎగ్గొట్టేది సరిగ్గా ఈ దశనే. బాలింతగా, అప్పుల్లో ఉన్నప్పుడు చేసిన సంతకం రెండు నెలల తర్వాత కూడా నిలుస్తుందని ఎవరు చెప్పగలరు? ఇది మన గడ్డ మీద జరిగిన అన్యాయమే. 1999లో, మళ్లీ 2001లో, హైదరాబాద్‌లోని కొన్ని దత్తత సంస్థల గుట్టు రట్టయినప్పుడు, తండాల్లోని లంబాడా తల్లుల దగ్గర కొద్దిపాటి డబ్బుకు తీసుకున్న ఆడపిల్లలు ఆ సంస్థలకు చేరిన సంగతి బయటపడింది. దక్షిణ కొరియాలోనూ అంతే. కన్నవాళ్లున్న పిల్లల్ని అనాథలుగా రాసి విదేశాలకు పంపారని అక్కడి సత్యశోధన కమిషన్ 2025లో తేల్చింది. ఆ పిల్లలు పెద్దవాళ్లయి, కన్నతల్లి ఎవరో తెలియక, రికార్డులు పట్టుకుని తిరుగుతున్నారు. ఫలానావాళ్లు ఇలాగే తెచ్చుకున్నారు, వాళ్లకేం కాలేదు అనే వాదన అందుకే చెల్లదు. పెంచినవాళ్లకు ఏమీ కాకపోవచ్చు. ఆ అబద్ధాన్ని జీవితమంతా మోయాల్సింది మాత్రం బిడ్డే. కాన్సులేట్ డీఎన్ఏ పరీక్ష అడిగితే అది అక్కడే బయటపడుతుంది, బిడ్డ ఎవరికీ కాకుండా మధ్యలో మిగిలిపోతుంది.

అన్న కొడుకునో చెల్లెలి కూతురునో దత్తత హోమం చేసి, రిజిస్ట్రేషన్ చేయించి తీసుకెళ్లొచ్చన్నది మరో అపోహ. 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద ఆ దత్తత ఇక్కడ చెల్లవచ్చు, కానీ అమెరికా వీసాకు అదొక్కటే చాలదు. రెండు దేశాలూ దేశాల మధ్య దత్తతలపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి, అమెరికాలో స్థిరపడ్డవాళ్లు బంధువుల బిడ్డను తీసుకోవాలన్నా ఆ పద్ధతిలోనే వెళ్లాలి. ఆ పద్ధతిలో అమెరికా ప్రభుత్వానికి ఐ-800 దరఖాస్తు పెట్టేవారు అమెరికా పౌరులై ఉండాలి, గ్రీన్ కార్డు సరిపోదు. బిడ్డకు 16 ఏళ్లు నిండకముందే దరఖాస్తు చేయాలి. కన్నవాళ్లిద్దరూ ఉంటే, బిడ్డను సరిగా పెంచే స్థితిలో లేరని చూపించాలి. మంచి చదువు కోసమనే కారణం అక్కడ నిలవదు.

చట్టబద్ధమైన దారిలో ఏళ్లు పడుతుంది, ఖర్చు లక్షల్లో అవుతుంది అనే మాట మాత్రం అపోహ కాదు, ఒప్పుకోవాలి. మన దేశంలో 2024-25లో జరిగిన దత్తతలు 4,515, వాటిలో 4,155 దేశంలోని కుటుంబాలకే. వరుసలో వేచి ఉన్న దంపతులు ముప్పై వేలకు పైనే. అయితే ఈ ఆలస్యానికి కారణం ఎవరో పిల్లల్ని దాచిపెట్టడం కాదు, దత్తతకు అర్హులైన పసిపిల్లలు తక్కువగా ఉండటం. ప్రపంచమంతటా ఇదే ధోరణి. అమెరికన్ కుటుంబాలు 2004లో విదేశాల నుంచి దాదాపు 23 వేల మందిని దత్తత తీసుకుంటే, 2023లో ఆ సంఖ్య 1,300 కూడా దాటలేదు. చైనా 2024లో విదేశీ దత్తతలను దాదాపు పూర్తిగా ఆపేసింది. పసిపాపే కావాలని పట్టుబడితే నిరీక్షణ తప్పదు. కాస్త పెద్ద పిల్లలు, ఒకే తల్లి బిడ్డలైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ప్రత్యేక వైద్యం అవసరమైన పిల్లలు శిశుగృహాల్లో కుటుంబం కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లను పెంచే శక్తి ఉందో లేదో నిజాయితీగా ఆలోచించుకుని ముందుకొస్తే ఏళ్ల నిరీక్షణ తగ్గుతుంది.

ఇక ఒంటరి మహిళకు దత్తత ఇవ్వరన్నది శుద్ధ అబద్ధం. ఒంటరి పురుషుడికి మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. డబ్బిస్తే వరుసలో ముందుకు జరుపుతామన్నవాళ్లు మోసగాళ్లే.

అమెరికాలో ఉన్నవాళ్లు ముందు కలవాల్సింది ఊళ్లో బంధువును కాదు, కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ గుర్తించిన అమెరికన్ ఏజెన్సీని. ఆ ఏజెన్సీ ఇంటికొచ్చి ఆదాయం, ఆరోగ్యం, కుటుంబ పరిస్థితి చూసి నివేదిక రాస్తుంది. కారా అనుమతి, 2022 నుంచి కోర్టు బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్న దత్తత ఉత్తర్వు, హేగ్ ఒప్పందం ప్రకారమే దత్తత జరిగిందన్న ధ్రువపత్రం, ఈ మూడింటి నకళ్లూ బిడ్డ పేరుతో విడిగా భద్రపరచండి, పెద్దయ్యాక అడిగే హక్కు ఆ బిడ్డకుంది. వాట్సాప్‌లో పసిపాప ఫోటో, ఫోన్ నంబరు కనిపిస్తే దాన్ని మరొకరికి పంపకండి, వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పండి.