కారు ఏసీ ఉండుండి ఆగితే: ఒక అయస్కాంతపు క్లచ్ కథ

1939 నవంబరులో అమెరికాలోని షికాగో మోటారు ప్రదర్శనలో ప్యాకార్డ్ కంపెనీ ఏసీ ఉన్న కారును జనం ముందు పెట్టింది. ఆ సదుపాయం కావాలంటే కారు ధర మీద 274 డాలర్లు అదనంగా కట్టాలి. చల్లబరిచే కాయిలూ, గాలి విసిరే ఫ్యానూ కలిసి డిక్కీలో సగం చోటు ఆక్రమించేవి. చల్లగాలి వెనక నుంచి వచ్చి నేరుగా మెడకు కొట్టేది. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటి. గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసరును బెల్టుతో ఇంజనుకు కట్టేశారు. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరగాల్సిందే. చలికాలం వచ్చి ఏసీ అక్కర్లేదనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఆ బెల్టు ఊడదీయాలి. 1941 తర్వాత ప్యాకార్డ్ ఈ ఏసీ ఇవ్వడమే మానేసింది.

కారును చల్లబరచడం అప్పటికే మనిషికి చేతనైంది. చేతకానిదల్లా ఆ చల్లదనాన్ని కావాల్సినప్పుడు నడిపి, వద్దనుకున్నప్పుడు ఆపడం.

ఆ లోటు తీర్చింది కంప్రెసరును ఇంజనుతో కావాల్సినప్పుడు కలిపి, వద్దన్నప్పుడు విడదీసే విద్యుత్ క్లచ్. 1954లో న్యాష్ కంపెనీ తన అంబాసిడర్ కారులో ఏసీ మొత్తాన్నీ ముందు భాగంలోనే ఇమిడ్చి, మీటలు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, కంప్రెసరుకు ఈ క్లచ్ తగిలించి 345 డాలర్లకు అమ్మింది. ఆ అంబాసిడర్‌కూ మన బెంగాల్‌లో తయారైన అంబాసిడర్‌కూ పేరు ఒకటే తప్ప చుట్టరికం లేదు. ఏసీ అనగానే 1902లో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం గాలిలో తేమను అదుపు చేసిన విల్లిస్ క్యారియర్‌ను తలుచుకుంటాం, న్యాయమే. కానీ కారు ఏసీ మామూలు మనుషుల వాడుకలోకి రావడంలో పెద్ద వాటా ఈ క్లచ్‌దేనని నేను నమ్ముతాను. 1969 నాటికి అమెరికాలో కొత్త కార్లలో సగానికి పైగా ఏసీతోనే వచ్చాయి. మన దగ్గర 1983 చివర్లో మారుతి 800 రోడ్డెక్కింది, 1985లో సుబ్రోస్ కంపెనీ పుట్టి కార్ల ఏసీల తయారీ చేపట్టింది. అక్కణ్ణుంచి మెల్లగా మధ్యతరగతి ఇళ్ల ముందున్న చిన్న కార్లలోకీ ఏసీ వచ్చి చేరింది.

పాత కారులో ఏసీ కాసేపు పనిచేసి కాసేపు మానేస్తుంటే చాలాసార్లు మొదట అనుమానించాల్సింది కూడా ఈ క్లచ్‌నే. ఎందుకో తెలియాలంటే దాని కట్టుబడి చూడాలి.

కంప్రెసరు ముక్కు దగ్గర బెల్టు తిరిగే పుల్లీ ఉంటుంది. అది బేరింగు మీద ఊరికే తిరుగుతూ ఉంటుంది, కంప్రెసరు ఇరుసుతో దానికి సంబంధం లేదు. పుల్లీ వెనక కదలకుండా రాగితీగ చుట్ట ఉంటుంది, దాన్నే కాయిల్ అంటారు. పుల్లీ ముందు, ఇరుసుకు బిగించిన ఇనుప ప్లేటు. ప్లేటుకూ పుల్లీకీ మధ్య సన్నటి సందు, కొత్తలో అర మిల్లీమీటరు అటూ ఇటూ. మనం ఏసీ స్విచ్ నొక్కగానే కాయిల్‌లో కరెంటు పారి అయస్కాంతం పుడుతుంది. ప్లేటు టక్కుమని పుల్లీకి అతుక్కుంటుంది, కంప్రెసరు తిరగడం మొదలవుతుంది. కరెంటు ఆగితే స్ప్రింగులు ప్లేటును వెనక్కి లాగేస్తాయి. లోపల చల్లదనం చాలినప్పుడు థర్మోస్టాటు కరెంటు ఆపుతుంది, వేడెక్కితే మళ్లీ ఇస్తుంది. ఒక్క ప్రయాణంలోనే ఇది ఎన్నోసార్లు జరుగుతుంది.

అతుక్కునే ప్రతిసారీ, తిరుగుతున్న ఇనుమూ ఆగి ఉన్న ఇనుమూ ఒక్క క్షణం రాసుకుంటాయి. ఆ రాపిడికి రెండూ కాస్త కాస్త అరుగుతాయి. పదేళ్లు, పదిహేనేళ్లు గడిచేసరికి అర మిల్లీమీటరు సందు కాస్తా దాదాపు మిల్లీమీటరవుతుంది. కంటికి కనిపించే తేడా కాదు, అయస్కాంతానికి మాత్రం అది చాలా దూరం. మోటు లెక్కలో చెప్పాలంటే, సందు రెట్టింపైతే లాగే బలం నాలుగో వంతుకు పడిపోతుంది.

దీనికి వేడి తోడవుతుంది. రాగి వేడెక్కితే కరెంటుకు దాని నిరోధం పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున. 20 డిగ్రీల దగ్గర 3.6 ఓములున్న కాయిల్ 90 డిగ్రీలకు చేరితే 4.6 ఓములవుతుంది. 12 వోల్టుల దగ్గర 3.3 ఆంపియర్ల కరెంటు 2.6కు తగ్గుతుంది. లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వేడి ఒక్కటే ఆ బలంలో 40 శాతం దాకా తినేస్తుంది. సందు పెరగడం వల్ల పోయిన బలానికి ఇదీ కలిస్తే కొత్తలో ఉన్న దానిలో ఆరో వంతో ఏడో వంతో మిగులుతుంది. ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని, బానెట్ కింద ఇంజను కుతకుతలాడుతున్న వేళ ఆ కాస్త బలం ప్లేటును లాగలేదు. రాత్రికి బండి చల్లబడుతుంది, కాయిల్ నిరోధం తగ్గుతుంది, మర్నాడు పొద్దున్నే ఏసీ ఏమీ ఎరగనట్టు చల్లగా ఇస్తుంది.

ఈ తరహా రోగానికి ఇంకో గుర్తు ఉంది. ప్లేటు ఒకసారి అతుక్కుంటే సందు లేదు, కనుక పట్టి ఉంచడానికి కొద్ది బలం చాలు. అందుకే నడుస్తున్న ఏసీ నడుస్తూనే ఉంటుంది. థర్మోస్టాటు ఆపి మళ్లీ కరెంటు ఇచ్చినప్పుడు మాత్రం పట్టుకోదు. కూలింగ్ ఒక్కసారిగా పోయి ఎంతసేపటికీ తిరిగి రాకపోతే ఈ సంగతి గుర్తుకు రావాలి.

విజయవాడలో మా బంధువుల ఇంట్లో పదిహేనేళ్లు దాటిన చిన్న కారు ఉంది. గత వేసవిలో దానిది ఇదే వరస. పొద్దున చల్లగా ఉండేది. మధ్యాహ్నం బెంజి సర్కిల్ దాటేలోపు వేడిగాలి. సాయంత్రం షెడ్డుకు తీసుకెళ్లేసరికి మళ్లీ బాగుండేది. "గ్యాస్ తగ్గింది సార్" అనేవారు, పట్టించేవారు. బండి చల్లగా ఉన్నప్పుడు తెచ్చి ఇచ్చేవారు కనుక బాగైనట్టే ఉండేది. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, "గ్యాస్ సంగతి తర్వాత చూద్దాం, ముందు బండిని వేడెక్కనివ్వండి సార్" అన్నాడు. ఏసీ వేసి ఇంజను ఆపకుండా ఎండలోనే ఉంచాడు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. ఉండుండి వచ్చే లోపాన్ని అది బయటపడే వేళలోనే పట్టుకోవాలి, లేని లోపాన్ని ఎవరూ వెతకలేరు.

కూలింగ్ పోగానే ఆయన కాయిల్ కనెక్టరు ఊడదీయకుండానే మల్టీమీటరు పెట్టాడు. 13 వోల్టుల పైచిలుకు వస్తోంది. ఆ ఒక్క కొలతతో సగం అనుమానాలు తీరిపోయాయి. ఆ కారులో గ్యాస్ బాగా తగ్గినా, ప్రెషర్ స్విచ్ అడ్డుపడినా, కాయిల్‌కు కరెంటు కలిపే రిలే చెడినా, థర్మోస్టాటు ఆపినా అక్కడిదాకా కరెంటు రాదు. కరెంటు వచ్చి కూడా ప్లేటు కదలడం లేదంటే తప్పు క్లచ్‌దే. ఇంజను ఆపి ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే సందు దాదాపు ఒక మిల్లీమీటరు ఉంది. నడిబోల్టు విప్పి, ప్లేటు లాగి, దాని వెనక ఇరుసు మీదున్న పల్చటి షిమ్ వాషర్లలో ఒకటి తీసేసి మళ్లీ బిగించాడు. మూడు చోట్ల సందు సమానంగా ఉందో లేదో చూశాడు, చేత్తో తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని ఖాయం చేసుకున్నాడు. క్లచ్ ఉండేది గ్యాస్ తిరిగే దారికి బయట. అందుకే ఒక్క గ్రాము గ్యాస్ వదలకుండా పని అయిపోయింది. తీయడానికి షిమ్‌లు మిగలకపోతే, ప్లేటు మరీ అరిగిపోతే, బేరింగు కూస్తుంటే క్లచ్ సెట్టు మార్చాలి. దానికీ కంప్రెసరు మొత్తం మార్చనక్కర్లేదు.

కనెక్టరు ఊడదీసి కొలిస్తే మోసపోతాం. లోపల కాలి మచ్చపడిన రిలే కూడా లోడు లేనప్పుడు నిండు వోల్టేజీ చూపిస్తుంది, కాయిల్ తగిలించగానే పడిపోతుంది. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి కాయిల్ దగ్గర 11.5 ఉంటే ఆ తేడా రిలేలోనో, వైరులోనో, తుప్పుపట్టిన ఎర్త్‌లోనో పోతోంది. చాలా కార్లలో హారన్ రిలే, ఏసీ రిలే ఒకే రకానివి. అలా అయితే రెంటినీ మార్చి పెట్టి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష.

క్లచ్ బాగానే పట్టుకుని ఉండి కూలింగ్ పోతే కథ వేరు. సిగ్నల్ దగ్గర వేడిగాలి, హైవే ఎక్కగానే చల్లగాలి వస్తుంటే వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఫ్యానును చూడాలి. ఫ్యాను తిరగక వేడి బయటికి పోకపోతే గ్యాస్ ఒత్తిడి పెరిగి, ప్రెషర్ స్విచ్ కంప్రెసరును ఆపేస్తుంది కూడా. కండెన్సర్ మీద నీళ్లు చల్లగానే కూలింగ్ తిరిగి వస్తే అనుమానం అక్కర్లేదు. గంట ప్రయాణం తర్వాత గాలి జోరే తగ్గిపోయి, ఏసీ ఆపి బ్లోయర్ ఒక్కటే కాసేపు నడిపితే మళ్లీ జోరు వస్తుంటే, కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టిందని అర్థం. ఎక్కువగా అది థర్మోస్టాటు సెన్సర్ పని. గాలి జోరు తగ్గకుండా చల్లదనం మాత్రం పోయి, కొద్ది నిమిషాలకు దానంతటదే వస్తూ పోతూ ఉంటే గ్యాస్ దారిలోకి తేమ చేరి ఉంటుంది. ఆ తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రంలో గడ్డకట్టి దారి మూస్తుంది, కరిగాక తెరుస్తుంది. అప్పుడు తేమ పీల్చే డ్రయర్ మార్చి వాక్యూమ్ పెట్టాలి. గాలి బాగా లాగేస్తే నీళ్లు 30 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరై పోతాయి. ఆ పనికి అరగంట పైనే పడుతుంది, ఐదు నిమిషాల్లో పంపు తీసేస్తే తేమ లోపలే మిగులుతుంది.

ఇక గ్యాస్. కారు ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అరచేతిలో స్పిరిట్ పోసుకుంటే ఆవిరవుతూ చెయ్యి చల్లబరిచినట్టే, కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరై లోపలి వేడిని తీసుకుంటుంది. కండెన్సర్‌లో మళ్లీ ద్రవమై ఆ వేడిని బయట వదులుతుంది. అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ఏళ్ల తరబడి గొట్టాల్లోంచి, సీళ్లలోంచి కొద్దిగా జారేది ఉంటుంది గానీ, ప్రతి వేసవికీ పట్టించాల్సి వస్తే లీకు వెతకాల్సిందే.

గేజ్ తగిలించి, ఇంజను ఆపి ఉండగానే ముల్లు చూసి గ్యాస్ తక్కువుందనో నిండుగా ఉందనో చెప్పేవాళ్లు ఉన్నారు. అది పొరపాటు. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఆగి ఉన్న ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది తప్ప పరిమాణాన్ని బట్టి కాదు. ఆర్-134ఎ గ్యాస్ 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ చూపిస్తుంది, లోపల 250 గ్రాములున్నా అంతే, అర కిలో ఉన్నా అంతే. సరైన పద్ధతి ఒక్కటే: ఉన్న గ్యాస్ మెషీనుతో వెనక్కి తీసి, తూకం వేసి, బానెట్ కింద స్టిక్కరు మీద రాసినన్ని గ్రాములు ఎక్కించడం. ఎక్కువ పట్టిస్తే ఎక్కువ చల్లదనం రాదు. ఒత్తిడి పెరిగి కంప్రెసరు ఆగిపోతుంది, కొత్తగా ఇంకో రోగం మొదలవుతుంది.

అనవసరంగా గాలిలోకి వదిలే గ్యాస్ వల్ల మన జేబు ఒక్కటే చిల్లు పడదు. మొదటి తరం కారు ఏసీల్లో ఉన్న ఆర్-12 గ్యాస్ ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని మానుకునే పని మొదలై, తర్వాతి కార్లలోకి ఆర్-134ఎ వచ్చింది. అది ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకు సుమారు 1,430 రెట్లు. చిన్న కారులో పట్టే అర కిలో గాలిలో కలిస్తే 700 కిలోల కార్బన్ డయాక్సైడు వదిలినట్టే. ఆ మాంట్రియల్ ఒప్పందానికే చేసిన, 2021లో మన దేశం ఆమోదించిన కిగాలీ సవరణ ఈ రకం వాయువులను తగ్గించుకోవడానికే.

అందుకే పాత కారు వాడే వాళ్లందరికీ నా విన్నపం. ఏసీ ఆగినప్పుడు గాలి జోరు ఎలా ఉంది, బండి నడుస్తోందా ఆగి ఉందా, టక్కుమనే చప్పుడు వినిపిస్తోందా లేదా చూసి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మెకానిక్ చేతికి ఇవ్వండి. క్లచ్ సందు, కాయిల్ దగ్గర వోల్టేజీ కొలిచి తన కళ్లతో చూసేదాకా గ్యాస్ నాజిలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. బెల్టు తిరుగుతుండగా మీరు మాత్రం అక్కడ చెయ్యి పెట్టకండి.