ఉచ్చు నల్లబడితే మొక్క చనిపోయినట్లేనా?

వీనస్ ఫ్లైట్రాప్ ఇంటికి వచ్చాక జరిగే కథ చాలా ఇళ్లలో ఒకేలా ఉంటుంది. మొదటి రోజు పిల్లలు దాని ఉచ్చులో వేలు పెట్టి, అది టక్కున మూసుకుంటుంటే కేరింతలు కొడతారు. మూడో రోజు ఎవరో ఒక కోడిమాంసం ముక్కను అందులో వేస్తారు. వారం పది రోజులకు ఒక ఉచ్చు నల్లబడుతుంది. మొక్క నీరసించిందేమోనని పెద్దవాళ్లు కుండీ మార్చి, ఎర్రమట్టిలో వర్మీ కంపోస్టు కలిపి నాటి, రోజూ కుళాయి నీళ్లు పోస్తారు. కొన్ని వారాలు తిరిగేసరికి మొక్క మొత్తం మాడిపోతుంది.

నిజానికి నల్లబడిన ఆ మొదటి ఉచ్చు వల్ల మొక్కకు ప్రమాదమేమీ లేదు. ఆ తర్వాత చేసిన సేవే దాన్ని చంపింది. గులాబీకి, తులసికి మేలు చేసే ఎరువూ నీళ్లూ ఈ మొక్కకు విషంతో సమానం. ఎందుకో తెలియాలంటే అది ఎక్కడ పుట్టిందో, దాని ఉచ్చు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

పేద నేలలో పుట్టిన మొక్క

వీనస్ ఫ్లైట్రాప్ శాస్త్రీయ నామం డయోనియా మస్సిపులా. ప్రపంచం మొత్తంలో ఇది సహజంగా పెరిగే చోటు ఒక్కటే. అమెరికా తూర్పు తీరంలో, ఉత్తర కరోలినా రాష్ట్రంలోని విల్మింగ్టన్ నగరం చుట్టుపక్కల, దాన్ని ఆనుకుని దక్షిణ కరోలినాలో కొంత భాగంలో మాత్రమే ఇది కనిపిస్తుంది. ఉత్తర కరోలినా గవర్నరుగా ఉన్న ఆర్థర్ డాబ్స్ 1760లో రాసిన ఒక లేఖలో ఈ వింత మొక్కను వర్ణించాడు. తర్వాత జాన్ ఎల్లిస్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. చార్లెస్ డార్విన్ 1875లో కీటకాహార మొక్కల గురించి రాసిన పుస్తకంలో దీనికి పెద్ద పీట వేశాడు.

ఆ ప్రాంతంలోని నేల ఇసుక, కుళ్లిన నాచు కలిసిన తడినేల. ఎప్పుడూ చెమ్మగా, ఆమ్లగుణంతో ఉంటుంది. మొక్కలకు అత్యవసరమైన నత్రజని, భాస్వరం అందులో చాలా తక్కువ. మిగతా మొక్కలు వేళ్లతో తెచ్చుకునే పోషకాలను ఈ మొక్క కీటకాల నుంచి సంపాదించుకుంటుంది. అయితే కీటకాలు దానికి అన్నం కాదు. శక్తి కోసం అది కూడా అన్ని పచ్చని మొక్కల్లాగే సూర్యరశ్మితో కిరణజన్య సంయోగక్రియ జరుపుకుంటుంది. కీటకం దానికి ఎరువు లాంటిది. అందువల్ల ఎండ సరిగా తగలని మొక్కకు ఎన్ని ఈగలు పెట్టినా అది కోలుకోదు.

లెక్క పెట్టే ఆకు

మనం ఉచ్చు అంటున్నది ఆకు చివరి భాగమే. అది పుస్తకంలా తెరుచుకునే రెండు తమ్మెలుగా ఉంటుంది. ఒక్కో తమ్మె లోపలివైపు సాధారణంగా మూడు సన్నని స్పర్శ రోమాలు ఉంటాయి. కీటకం ఒక రోమాన్ని ఒకసారి తాకితే ఒక విద్యుత్ సంకేతం పుడుతుంది కానీ ఉచ్చు కదలదు. సుమారు అర నిమిషంలోపు రెండోసారి తాకితేనే మూసుకుంటుంది. గాలికి కొట్టుకొచ్చిన ఎండుటాకుకో, వాన చినుక్కో అనవసరంగా మూసుకోకుండా ఇది ఒక జాగ్రత్త.

ఈ విద్యుత్ సంకేతాలను 1873లోనే బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ బర్డన్ శాండర్సన్ నమోదు చేశాడు. మొక్కల్లో విద్యుత్ స్పందనల మీద తర్వాత కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ విస్తృతంగా పరిశోధించారు. ఆయన ఎక్కువగా ఎంచుకున్నది మనకు తెలిసిన అత్తిపత్తి మొక్కను.

ఉచ్చు మూసుకోవడానికి పట్టే సమయం సెకనులో పదోవంతు మాత్రమే. కండరాలు లేని ఆకుకు ఇంత వేగం ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఎల్. మహదేవన్, ఆయన సహ పరిశోధకులు 2005లో ‘నేచర్’ పత్రికలో సమాధానమిచ్చారు. రేకు డబ్బా అడుగును వేలితో నొక్కితే ఉబ్బు ఒక వైపు నుంచి మరో వైపుకు టక్కున మారుతుంది కదా. ఉచ్చు తమ్మెల వంపు కూడా అలాగే ఒక్కసారిగా తిరగబడుతుంది.

మూసుకున్నంత మాత్రాన పని పూర్తి కాదు. లోపల చిక్కిన కీటకం గింజుకుంటూ రోమాలను మళ్లీ మళ్లీ తాకాలి. అప్పుడే ఉచ్చు అంచులు గట్టిగా బిగుసుకుంటాయి. జర్మనీలో రైనర్ హెడ్రిచ్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, దాదాపు ఐదు స్పర్శలు లెక్కకు వచ్చాకే జీర్ణరసాల తయారీ జోరందుకుంటుంది. అంటే వేటలో సత్తా ఉందో లేదో తేల్చుకున్నాకే మొక్క ఖర్చు పెడుతుంది. ఆ తర్వాత ఉచ్చు తాత్కాలికంగా ఒక జీర్ణాశయంగా మారుతుంది. వారం పది రోజులకు మళ్లీ తెరుచుకునేసరికి కీటకం పైపొర మాత్రమే మిగులుతుంది.

ఒక ఉచ్చు ఎన్నిసార్లు పనిచేస్తుంది?

ఒక్కో ఉచ్చుకు ఆయుష్షు పరిమితం. అది కొన్ని వేటలను మాత్రమే జీర్ణం చేసుకోగలదు. ఆ తర్వాత మూసుకునే శక్తి కోల్పోయి, కొంతకాలం మామూలు ఆకులా ఎండను వాడుకుని, చివరికి నల్లబడి రాలిపోతుంది. అరటి చెట్టుకు అడుగు ఆకు ఎండిపోతూ ఉంటే మొవ్వు నుంచి కొత్త ఆకు వచ్చినట్టే ఇక్కడా జరుగుతుంది. అందుకే బయటి వరుసలోని పాత ఉచ్చు నల్లబడితే కంగారు పడనక్కర్లేదు. చూడవలసింది మొక్క నడిమధ్యను. అక్కడ చిన్న ఆకుపచ్చ మొలకలు వస్తుంటే మొక్క క్షేమంగా ఉన్నట్టే. మధ్యభాగమే నల్లగా, మెత్తగా అయిపోతే మాత్రం అది కుళ్లు. అప్పుడు మొక్క ప్రాణాపాయంలో ఉన్నట్టు.

వయసు తీరకుండానే ఉచ్చులు చనిపోవడానికి సాధారణంగా కనిపించే కారణాలు ఇవి:

వేళ్లతో ఆడించడం. ఖాళీగా మూసుకున్న ఉచ్చు దాదాపు ఒక రోజు తర్వాత తెరుచుకుంటుంది. ప్రతిసారీ మొక్క శక్తి ఖర్చవుతుంది, వచ్చేది ఏమీ ఉండదు. రోజూ ఇలా చేస్తే ఉచ్చు త్వరగా పని మానేస్తుంది.

మరీ పెద్ద ఆహారం. కీటకం ఉచ్చు పొడవులో మూడో వంతుకు మించకూడదు. కాలో రెక్కో బయటికి పొడుచుకు వస్తే అంచులు మూతపడవు. ఆ సందులోంచి సూక్ష్మజీవులు చేరి, కీటకంతోపాటు ఉచ్చూ కుళ్లిపోతుంది.

వంటింటి ఆహారం. మాంసం, పనీర్, అన్నం దీనికి పనికిరావు. అవి ఉచ్చులోనే కుళ్లి, దాన్ని కూడా కుళ్లబెడతాయి.

చచ్చిన కీటకం. అది గింజుకోదు కాబట్టి మొక్క లెక్క ముందుకు సాగదు. జీర్ణం చేసుకోకుండానే ఉచ్చు తెరుచుకుంటుంది. చచ్చిన ఈగను పెట్టక తప్పకపోతే, మూసుకున్న ఉచ్చును బయటి నుంచి కొద్దిసేపు మెల్లగా నొక్కుతూ ఉండాలి.

ప్రయాణం, కుండీ మార్పు. పెట్టెలో చీకట్లో రెండు మూడు రోజులు గడిపి వచ్చిన మొక్క కొన్ని ఉచ్చులను వదిలేస్తుంది. కొత్త చోటుకు అలవాటు పడ్డాక వచ్చే ఆకులను బట్టే దాని ఆరోగ్యాన్ని అంచనా వేయాలి.

నీళ్ల దగ్గరే అసలు చిక్కు

మన దేశంలో ఈ మొక్కను పెంచేవారికి ఎదురయ్యే అతిపెద్ద సమస్య నీరు. తాగునీటిలో కరిగిన లవణాల మొత్తం, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. వేరే నీరు దొరకని చోట 2,000 వరకు అనుమతి ఉంది. ఫ్లైట్రాప్‌కు కావలసింది సుమారు 50 లోపు. మనుషులు నిశ్చింతగా తాగే నీరు కూడా దానికి ఉప్పునీరే. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినజలం కావడంతో ఇబ్బంది ఇంకా ఎక్కువ.

కుండీలోని నీరు ఆవిరైపోతుంది కానీ లవణాలు అక్కడే మిగులుతాయి. పోసిన ప్రతిసారీ మరికొంత పేరుకుంటాయి. లవణాలు పెరిగేకొద్దీ వేళ్లు నీటిని పీల్చుకోలేవు. చుట్టూ తడి ఉన్నా మొక్క దాహంతో అలమటిస్తుంది. కాల్షియం లవణాలు నేల ఆమ్లగుణాన్ని కూడా తగ్గిస్తాయి. ముందు ఆకుల అంచులు మాడి, తర్వాత ఉచ్చులన్నీ ఒకటొకటిగా నల్లబడతాయి. ఎరువు వేసినా జరిగేది ఇదే.

వాననీరు అన్నిటికన్నా ఉత్తమం. డాబా మీద మొదటి జల్లులకు దుమ్ము కొట్టుకుపోయాక పట్టి నిల్వ చేసుకోవచ్చు. డిస్టిల్డ్ వాటర్ కూడా మంచిదే. ఇళ్లలోని ఆర్ఓ యంత్రాల నీరు వాడేముందు పరీక్షించాలి. రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ ద్వారా కొన్ని లవణాలను మళ్లీ కలిపే యంత్రాలు ఉంటాయి. పెన్నులా ఉండే చిన్న టీడీఎస్ మీటరుతో ఆ అనుమానం తీర్చుకోవచ్చు. కుండీని పళ్లెంలో పెట్టి, అందులో ఒక సెంటీమీటరు ఎత్తున నీరు ఉండేలా చూస్తే చాలు.

మట్టి, ఎండ

తోట మట్టి, పశువుల ఎరువు, కంపోస్టు ఏదీ వద్దు. ఎరువు కలపని పీట్ నాచు, పెర్లైట్ సమపాళ్లలో కలిపి వాడాలి. పెర్లైట్ బదులు బాగా కడిగిన సిలికా ఇసుక కూడా పనికొస్తుంది. కొబ్బరి పొట్టులో లవణాలు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మంచినీటితో పదే పదే కడగకుండా వాడకూడదు. మట్టి కుండీ నుంచి ఖనిజాలు ఊరతాయి, ప్లాస్టిక్ కుండీ మేలు.

రోజుకు కనీసం నాలుగైదు గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఎండ చాలకపోతే ఆకులు పొడవుగా సాగి వాలిపోతాయి, ఉచ్చులు చిన్నవై మందగిస్తాయి. అయితే మన ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండ కరోలినా ఎండ కాదు. ఆ రోజుల్లో ఉదయపు ఎండ తగిలే చోట ఉంచి, మధ్యాహ్నం షేడ్ నెట్ నీడ కల్పించాలి. మూసిన గాజు పెట్టెను ఎండలో పెడితే లోపల వేడి పెరిగి మొక్క ఉడికిపోతుంది.

పూల కాడ వచ్చినప్పుడు మొక్క తన నిల్వలను దానికే మళ్లిస్తుంది. బలహీనంగా ఉన్న మొక్కకు కాడ చిన్నగా ఉన్నప్పుడే తుంచేయడం మంచిది.

చలికాలపు నిద్ర

పుట్టిన చోట ఈ మొక్కకు చలికాలం ఉంటుంది. మూడు నాలుగు నెలలు పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. చాలా ఉచ్చులు నల్లబడతాయి, చిన్న ఆకులు మాత్రం నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. అల్లం కొమ్ములా నేలలోపల ఉన్న తెల్లని కాండం ప్రాణంతో ఉండి, చలి తగ్గాక కొత్త ఆకులు వేస్తుంది. ఈ దశలో మొక్క చచ్చిపోయిందని పారేసేవారు ఎందరో.

లంబసింగి లాంటి చోట్ల ఈ చలి సహజంగానే దొరుకుతుంది. హైదరాబాద్, విజయవాడల్లో డిసెంబరు పగళ్లు కూడా వెచ్చగానే ఉంటాయి. విశ్రాంతి లేకుండా ఏళ్ల తరబడి పెరిగే మొక్క క్రమంగా నీరసిస్తుంది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, వెలుతురుగా ఉండే చోట ఉంచి, పళ్లెంలో నీరు తగ్గించి, నాచు చెమ్మగా మాత్రం ఉండేలా చూడాలి. కొందరు మొక్కను తీసి, తడి నాచులో చుట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో దాస్తారు. బూజు పట్టకుండా అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండాలి.

అడవిలో దాని పరిస్థితి

కుండీల్లో లక్షలుగా పెరుగుతున్నా, పుట్టినచోట ఫ్లైట్రాప్ కష్టాల్లో ఉంది. తడినేలలను పూడ్చి ఇళ్లు, రోడ్లు కట్టారు. అక్కడి పైన్ అడవుల్లో అప్పుడప్పుడూ వచ్చే కార్చిచ్చు పొదలను కాల్చి ఈ చిన్న మొక్కకు ఎండ తగిలేలా చేసేది. మంటలను ఆపేయడంతో పొదలు కమ్మేశాయి. దొంగతనంగా తవ్వి అమ్మేవారి బెడద కూడా ఉంది. 2014లో ఉత్తర కరోలినా ఈ దొంగతనాన్ని తీవ్ర నేరంగా ప్రకటించింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఈ మొక్క ఉంది. అందువల్ల కొనేవారు టిష్యూ కల్చర్‌లోనో, నర్సరీలోనో పెంచిన మొక్కలనే ఎంచుకోవాలి.

మన దేశంలోనూ దీని బంధువులు ఉన్నాయి. జిగురు చుక్కలతో పురుగులను పట్టే డ్రోసిరా జాతులు తెలుగు నేలమీద తడి గడ్డిభూముల్లో పెరుగుతాయి. నీటిలో తేలుతూ ఇలాంటి ఉచ్చులతోనే వేటాడే ఆల్డ్రోవాండా మొక్క గురించి శాస్త్ర ప్రపంచానికి మొదట తెలిసింది 17వ శతాబ్దం చివర్లో, భారతదేశం నుంచి వెళ్లిన నమూనాతోనే. ఈ మొక్కల ఆవాసాలన్నీ పోషకాలు తక్కువగా ఉండే తడినేలలు, నీటి మడుగులు. పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు వాటిలో కలిస్తే అక్కడ జరిగేదీ కుండీలో కంపోస్టు వేసినప్పుడు జరిగేదే.

కాబట్టి ఈసారి ఉచ్చు నల్లబడినప్పుడు ఎరువు సంచి వైపు వెళ్లనక్కర్లేదు. ఎండిన ఉచ్చును శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, పళ్లెంలో వాననీరు పోసి, మొక్క మధ్యలో చూడాలి. చుట్టుకుని ఉన్న చిన్న పచ్చని ఆకు ఒకటి అక్కడ కనిపిస్తే, కొన్ని రోజుల్లో అది విప్పుకుని కొత్త ఉచ్చు అవుతుంది.